ఇన్‌డిజైన్‌లో టేబుల్ పట్టుకుని లాగితే ఎందుకు రాదు? కావలసిన చోట నిలబెట్టడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పుస్తకాల పేజీలు కట్టే పనిని ఇన్నాళ్ళూ పేజ్‌మేకర్ అనే పాత ప్రోగ్రాంలో చేసి ఈమధ్యే ఇన్‌డిజైన్‌కి మారారు. ఒక సహకార సంఘం వార్షిక నివేదిక చేతికొచ్చింది. ఎక్సెల్‌లోంచి తెచ్చిన టేబుళ్ళు పదిహేను దాకా ఉన్నాయి. బాణం టూల్‌తో టేబుల్‌ని పట్టుకుని లాగితే అది ఒక్కటీ రాకుండా పేజీలో మేటరంతా కదిలిపోతోంది. పేజీ మధ్యకు తేవడం కుదరడం లేదు. పైన రెండు లైన్లు పెరిగితే టేబుల్ విరిగి తల ఒక పేజీలో, తోక ఇంకో పేజీలో పడుతోంది. ఒక టేబులైతే ఏకంగా మాయమైంది. పదకొండు కాలమ్‌లున్న టేబుల్ ఒకటి పేజీ వెడల్పులో పట్టడమే లేదు.

సూటిగా జవాబు: ఇన్‌డిజైన్‌లో టేబుల్ విడి వస్తువు కాదు. టెక్స్ట్ ఫ్రేమ్‌లో, అంటే మేటర్ పోసే డబ్బాలో కూర్చున్న ఒక పెద్ద అక్షరం. అందుకే అది మౌస్‌తో లాగితే రాదు. అక్షరాన్ని ఎలా జరుపుతామో దాన్నీ అలాగే జరపాలి: పేరా అలైన్‌మెంట్‌తో, ఇండెంట్‌తో, పైనా కిందా ఇచ్చే ఖాళీతో. అలా కాదు, బొమ్మలా పట్టుకుని ఎక్కడంటే అక్కడ పెట్టుకోవాలి అంటే టేబుల్‌ని కట్ చేసి, దానికంటూ వేరే టెక్స్ట్ ఫ్రేమ్ ఇచ్చి, ఆ ఫ్రేమ్‌ని జరపాలి. ఏ టేబుల్‌కి ఏ పద్ధతో ముందే తేల్చుకుంటే మీరు చెప్పిన ఇబ్బందుల్లో ముప్పాతిక వంతు అక్కడే తీరిపోతాయి.

నేను 1998లో విజయవాడలో పేజ్‌మేకర్ 6.5 మీద పని నేర్చుకున్నాను. అప్పట్లో టేబుల్ అంటే ట్యాబులు కొట్టి, గీతలు గీసి, అన్నీ కలిపి గ్రూపు చెయ్యడమే. పేజ్‌మేకర్‌తో పాటు అడోబ్ టేబుల్ అని వేరే చిన్న ప్రోగ్రాం వచ్చేది గానీ మా డీటీపీ సెంటర్‌లో దాన్ని ముట్టుకున్నవాళ్ళు తక్కువ. ఎలా చేసినా చివరికి పేజీ మీద అదొక బొమ్మే, పట్టుకుంటే వచ్చేది. క్వార్క్ ఎక్స్‌ప్రెస్ అనే ఇంకో పేజీల ప్రోగ్రాంలో కూడా టేబుల్ విడి బాక్సే. ఇన్‌డిజైన్‌కి టేబుళ్ళు 2002లో 2.0 వెర్షన్‌తో వచ్చాయి, మొదటి నుంచీ టెక్స్ట్ లోపలే పెట్టారు. నేనూ మారిన కొత్తలో మీలాగే విసుక్కున్నాను. మేటర్‌తో పాటు టేబుల్ తనంతట తాను నడవడం ఎంత సుఖమో ఆర్నెల్ల తర్వాత గానీ తెలిసిరాలేదు.

నడిచే టేబులా, పాతుకున్న టేబులా?

ఇవి పుస్తకాల్లో మాటలు కావు, మా సెంటర్‌లో మేం అనుకునేవి. “కింది పట్టికలో చూపిన విధంగా” అని మేటర్‌లో ఉండి, ఆ వాక్యం వెంటే టేబుల్ రావాలంటే అది నడిచే టేబుల్. మేటర్ పెరిగితే తనూ కిందికి జరగాలి, తగ్గితే పైకి రావాలి. అలా కాకుండా పేజీకి కుడివైపు పైమూల ఫలానా చోటే ఉండాలి, మేటర్ ఏమైనా అది కదలకూడదు అంటే పాతుకున్న టేబుల్. మీ వార్షిక నివేదికలో ముప్పాతిక భాగం మొదటి రకమే. బ్యాలెన్స్ షీటు, లాభనష్టాల ఖాతా లాంటి పేజీ నిండా ఉండేవి రెండో రకం.

నడిచే టేబుల్‌ని మధ్యకు తేవడం

అందరూ చేసే పొరపాటు ఒక్కటే: సెల్‌లో కర్సర్ పెట్టి సెంటర్ కొడతారు. దాంతో సెల్‌లోని అక్షరాలు మధ్యకు వస్తాయి, టేబుల్ ఉన్నచోటే ఉంటుంది. మీరు పట్టుకోవలసింది టేబుల్ కూర్చున్న పేరాని. టైప్ టూల్‌తో టేబుల్ కుడి అంచు దాటాక, అదే ఫ్రేమ్ లోపల క్లిక్ చెయ్యండి. కర్సర్ మామూలు గీతలా కాకుండా టేబుల్ ఎత్తంతా నిలువునా మెరుస్తుంది. అలా మెరిసిందంటే మీరు సరైన చోట ఉన్నట్టే. ఇప్పుడు కంట్రోల్, షిఫ్ట్, సి కొట్టండి, టేబుల్ మొత్తం మధ్యకొస్తుంది. అంచు దాకా క్లిక్ చేసేంత చోటు లేకపోతే టేబుల్ కింది పేరా మొదట్లో కర్సర్ పెట్టి ఎడమ బాణం కీ ఒకసారి కొట్టండి.

కొట్టినా కదలకపోతే టేబుల్ వెడల్పు చూడండి. ఫ్రేమ్ ఎంత వెడల్పో టేబులూ అంతే ఉంటే ఇక మధ్యకు రావడానికి ఏముంది? కొత్తగా ఇన్సర్ట్ చేసిన టేబుల్ ఎప్పుడూ ఫ్రేమ్ నిండా పరుచుకునే వస్తుంది. ముందు దాన్ని సన్నం చెయ్యాలి. లోపలి కాలమ్ గీతని మామూలుగా లాగితే ఆ కాలమ్‌తో పాటు టేబుల్ మొత్తం వెడల్పూ మారిపోతుంది. షిఫ్ట్ నొక్కి లాగితే పక్క కాలమ్ తగ్గి, మొత్తం వెడల్పు అలాగే ఉంటుంది. అదే షిఫ్ట్ నొక్కి కుడి చివరి గీతని లాగితే అన్ని కాలమ్‌లూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి. ఈ మూడు లాగుళ్ళూ చేతికి అలవాటు కావాలి.

పైనా కిందా ఖాళీ కోసం దయచేసి ఎంటర్ కొట్టకండి. టేబుల్ ఆప్షన్స్‌లో టేబుల్ సెటప్‌కి వెళ్తే అక్కడ స్పేస్ బిఫోర్, స్పేస్ ఆఫ్టర్ ఉంటాయి. ఎంటర్‌తో ఇచ్చిన ఖాళీ, టేబుల్ కొత్త పేజీ నెత్తిన పడినప్పుడు కూడా ఉండిపోయి ఆ పేజీ కిందికి జారినట్టు కనిపిస్తుంది. స్పేస్ బిఫోర్ ఇస్తే, ఫ్రేమ్ పైభాగానికి వచ్చిన టేబుల్‌కి ఆ ఖాళీ పడదు, మార్జిన్‌కి అంటుకునే నిలబడుతుంది. మనకు కావలసింది అదే.

టేబుల్ విరగడం, మాయమవడం

ఇన్‌డిజైన్ టేబుల్‌ని అడ్డ వరసల మధ్యే విరుస్తుంది. ఒక వరసని మధ్యకు చీల్చి సగం ఇక్కడ, సగం అక్కడ వెయ్యడం దానికి రాదు. ఒక వరస ఎత్తు మిగిలిన చోటుకంటే ఎక్కువైతే ఆ వరస మొత్తం తర్వాతి ఫ్రేమ్‌కి పోతుంది. ఫ్రేమ్ మొత్తం ఎత్తుకంటే కూడా ఎక్కువైందా, అది ఎక్కడా పట్టదు. అక్కడి నుంచి మిగతా టేబుల్, దాని వెనకున్న మేటర్ అంతా ఓవర్‌సెట్‌లోకి, అంటే ఫ్రేమ్‌లో పట్టక కనిపించకుండా దాగిన భాగంలోకి జారిపోయి ఫ్రేమ్ కిందిమూల ఎర్ర ప్లస్ గుర్తు ఒక్కటే మిగులుతుంది. మీ మాయమైన టేబుల్ కథ నూటికి తొంభై పాళ్ళు ఇదే. ఎక్సెల్‌లో ఎవరో “జిల్లా పేరు” అని నిలువునా ఇరవై వరసలు మెర్జ్ చేసి ఉంటారు. అలా కలిపేసిన సెల్ విరగదు, దాని పక్కనున్న వరసలనూ పట్టుకుని కూర్చుంటుంది. అన్‌మెర్జ్ చేసి చూడండి. పేరు మొదటి వరసలో మాత్రం ఉంచి, మిగతా వరసల మధ్య గీత తీసేస్తే కంటికి మెర్జ్ చేసినట్టే కనిపిస్తుంది.

మొదటి పేజీలో ఉన్న శీర్షిక వరస తర్వాతి పేజీలోనూ రావాలంటే ఆ వరసని ఎంచుకుని కన్వర్ట్ రోస్‌లో టు హెడర్ అనండి. చేత్తో కాపీ చేసి రెండో పేజీలో అతికించేవాళ్ళని చూశాను. ఒక కరెక్షన్ పడగానే ఆ అతికించిన శీర్షిక పేజీ మధ్యకొచ్చి నిలబడి నవ్వులపాలు చేస్తుంది.

ఇక “మొత్తం” వరస. ఇందులో నేను దెబ్బ తిన్నాను, చెప్తాను. కొన్నేళ్ళ కిందట మీలాగే ఒక సంఘం నివేదిక చేశాను. ఫైనల్ ప్రూఫ్ సంతకం అయ్యాక అధ్యక్షుడి ముందుమాటలో మూడు లైన్లు పెంచమన్నారు. పెంచాను. ముందుమాట పేజీ ఒక్కటీ చూసుకుని పీడీఎఫ్ పంపేశాను. పేజీల ఫ్రేమ్‌లన్నీ ఒకదానికొకటి కలిపి మేటరంతా ఒకే గొలుసు కాబట్టి ఆ మూడు లైన్లు పేజీలు దాటుకుంటూ పోయి, తొమ్మిది పేజీల అవతల ఖర్చుల టేబుల్‌లో చివరి వరసని తర్వాతి పేజీ నెత్తిన పడేశాయి. అచ్చులో ఒక పేజీ పైన అంకెల వరస ఒక్కటీ, “మొత్తం” అని. దేని మొత్తమో చదివేవాడికి తెలియదు. ఆ రోజు నుంచి నాకో అలవాటు: ఏ టేబుల్‌లోనైనా మొత్తానికి పైనున్న రెండు వరసలను ఎంచుకుని, సెల్ ఆప్షన్స్‌లో రోస్ అండ్ కాలమ్స్‌లో కీప్ విత్ నెక్స్ట్ రో టిక్ పెడతాను. విరిగితే మూడు వరసలు కలిసే పోతాయి. అన్ని వరసలకూ టిక్ పెడితే ఇంకా భద్రం కదా అనుకోకండి. చిన్న టేబుల్‌కైతే పరవాలేదు, పేజీని మించిన టేబుల్‌కి అన్నీ ముడేస్తే మళ్ళీ ఎర్ర ప్లస్సే.

పాతుకున్న టేబుల్

టేబుల్‌లో కర్సర్ ఉంచి కంట్రోల్, ఆల్ట్, ఎ కొడితే టేబుల్ మొత్తం ఎంపికవుతుంది. కట్ చెయ్యండి. టైప్ టూల్‌తో ఖాళీ చోట కొత్త ఫ్రేమ్ గీసి అందులో పేస్ట్ చెయ్యండి. ఇప్పుడిది మీ పేజ్‌మేకర్ బొమ్మలాంటిదే, ఎక్స్, వై విలువలు కొట్టి మిల్లీమీటర్ తేడా లేకుండా నిలబెట్టొచ్చు. మేటర్ దాని చుట్టూ పారాలంటే ఆ ఫ్రేమ్‌కి టెక్స్ట్ ర్యాప్ ఇవ్వండి. టేబుల్ పక్కన కూడా మేటర్ రావాలంటే ఇదొక్కటే దారి. మేటర్‌లోనే ఉన్న టేబుల్ ఎంత సన్నగా ఉన్నా లైను మొత్తం తనదే అంటుంది, పక్కన అక్షరం పెట్టనివ్వదు. రెండు కాలమ్‌ల పేజీలో రెండిటి మీదుగా టేబుల్ వెయ్యాలన్నా ఇదే పద్ధతి.

ఒక చిన్న సంగతి. టేబుల్ బయటి గీత అంచుకు అటు సగం, ఇటు సగం పడుతుంది. 1 పాయింట్ (అంగుళంలో 72వ వంతు) గీత పెట్టి టేబుల్‌ని ఫ్రేమ్ నిండా ఉంచితే అర పాయింట్ ఫ్రేమ్ బయటికి వస్తుంది. మామూలుగా కంటికి ఆనదు. లావు గీతలు పెట్టినప్పుడు, పైనున్న ఫొటో అంచుతో కలవాల్సినప్పుడు మాత్రం తెలిసిపోతుంది. అప్పుడు టేబుల్ వెడల్పుని గీత మందమంత తగ్గించి సెంటర్ చెయ్యండి.

ఈ పద్ధతి ఎక్కడ తప్పనిసరో చెప్పాలంటే పంచాంగమే. మేం ఏటా ఒకటి చేస్తాం, డెమీ 1/8 సైజు, అంటే 5.5 అంగుళాలకి 8.5 అంగుళాలు. ఎడమ పేజీలో ఒక పక్షం టేబుల్, దాని ఎదురుగా కుడి పేజీలో ఆ పక్షం పండుగలు, ముహూర్తాలు. ఎదురెదురుగానే ఉండాలి, ఒక్క వరస అటు జరిగినా పుస్తకం పనికిరాదు. చిక్కెక్కడంటే పక్షానికి అన్నిసార్లూ 15 రోజులు రావు. తిథి క్షయమైతే 14, వృద్ధి అయితే 16. చోటు మారదు, వరసలు మారతాయి.

టేబుల్‌కి నేను ఉంచిన ఎత్తు 480 పాయింట్లు. శీర్షిక వరసకి 30 పోతే 450. పదిహేను వరసలైతే ఒక్కోటి 30 పాయింట్లు. పధ్నాలుగైతే 32.14, పదహారైతే 28.125. వరస ఎత్తుని ఎట్ లీస్ట్‌లో వదలకుండా ఎగ్జాక్ట్‌లీలో ఈ అంకె కొడతాను. ఎట్ లీస్ట్‌లో ఉంటే, ఏదో ఒక రోజు నక్షత్రం గడిలో మేటర్ మూడో లైనుకి పోయిందా, ఆ వరస ఎవరికీ చెప్పకుండా ఉబ్బి కింది వరసని ఫ్రేమ్‌లోంచి తోసేస్తుంది. ఎగ్జాక్ట్‌లీలో ఉబ్బదు, ఆ గడిలో ఎర్ర చుక్క పడుతుంది. నాకు ఎర్ర చుక్కే నయం, కనిపిస్తుంది కదా.

అక్కడ ఇంకో లెక్క ఉంది. 9.5 పాయింట్ల తెలుగు, 13 లీడింగ్ (లైనుకీ లైనుకీ మధ్య దూరం), రెండు లైన్లు అంటే సుమారు 26 పాయింట్లు. సెల్ లోపలి ఖాళీ ఇన్‌డిజైన్ తనంతట ఇచ్చేది నాలుగు వైపులా 4 పాయింట్లు. పైన 4, కింద 4 కలిపితే 34. ముప్పైలో పట్టదు. మొదటి ఏడాది నాకు గడి గడికీ ఎర్ర చుక్కలు వచ్చింది ఇందుకే, ఫాంట్ సైజు తగ్గించుకుంటూ పోయాను పిచ్చివాడిలా. తగ్గించాల్సింది ఆ ఖాళీని. ఇప్పుడు పైన అర పాయింట్, కింద ఒకటిన్నర పెడతాను. పదహారు వరసల పక్షంలో కూడా పడుతుంది.

శోభకృత్ నామ సంవత్సరం (2023–24) పంచాంగం చేస్తున్నప్పుడు అధిక శ్రావణం వచ్చింది. మామూలు ఏడాదికి 24 పక్షాలు, 48 పేజీలు, పదహారు పేజీల ఫారాలు (ప్రెస్సులో ఒకే కాగితం మీద కలిసి అచ్చయ్యే పేజీల కట్టలు) సరిగ్గా మూడు. అధిక మాసంతో 52 అయ్యాయి. ఫారం లెక్క చెడి ప్రెస్సువాళ్ళు తల పట్టుకున్నారు గానీ నాకు పేజీల్లో ఏ ఇబ్బందీ రాలేదు. ఒక్కో పక్షం దాని ఫ్రేమ్‌లో అది ఉంది, గొలుసు లేదు. మధ్యలో నాలుగు పేజీలు చొప్పించాను, సరి సంఖ్య కాబట్టి ఎడమవి ఎడమనే ఉన్నాయి. పరాభవలో అధిక జ్యేష్ఠానికీ అదే టెంప్లేటు పనికొచ్చింది.

మధ్యే మార్గం: యాంకర్ చెయ్యడం

వేరే ఫ్రేమ్‌లో ఉండాలి, కానీ మేటర్‌తో నడవాలి అంటే టేబుల్ ఫ్రేమ్‌ని మేటర్‌కి యాంకర్ చెయ్యాలి, అంటే మేటర్‌లో ఒక చోటికి కట్టెయ్యాలి. ఫ్రేమ్‌ని బాణం టూల్‌తో ఎంచుకుని కట్ చేసి, మేటర్‌లో ఖాళీ పేరాలో కర్సర్ పెట్టి పేస్ట్ చెయ్యడం పాత దారి. ఇన్‌డిజైన్ సీఎస్ 5.5 వెర్షన్ నుంచి ఫ్రేమ్ పైఅంచున చిన్న నీలం చదరం కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని మేటర్‌లో కావలసిన చోట వదిలినా చాలు. మార్జిన్‌లో వేసే చిన్న టేబుళ్ళకి, చుట్టూ రంగు డబ్బా ఉన్న టేబుళ్ళకి ఇది బ్రహ్మాండంగా ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. ఇన్‌లైన్‌గా, అంటే లైన్లోనే ఒక అక్షరంలా పెట్టిన ఫ్రేమ్ లైను మీద నిలబడి పైకి లేస్తుంది. ఆ పేరా లీడింగ్ 14 అని బిగించి ఉంటే టేబుల్ పై లైన్ల మీద ఎక్కి కూర్చుంటుంది. ఆ ఒక్క పేరాకీ లీడింగ్ ఆటో చెయ్యండి, లేదా యాంకర్ ఆప్షన్స్‌లో అబవ్ లైన్ ఎంచుకోండి. రెండోది, ఇలా పెట్టిన టేబుల్ పేజీల మధ్య విరగదు. సగం పేజీ టేబుల్ యాంకర్ చేస్తే, చోటు లేనప్పుడు మొత్తంగా తర్వాతి పేజీకి పోయి ఇక్కడ సగం పేజీ ఖాళీ వదులుతుంది. అందుకని పెద్దవాటిని నేను యాంకర్ చెయ్యను.

తెలుగు అక్షరాల సంగతి

ఇంగ్లీషులో నేర్పే వీడియోలు చూసి సెల్ ఖాళీలు, వరస ఎత్తులు పెట్టుకుంటే తెలుగులో కుదరవు. మనకు పైన గుడులు, కింద ఒత్తులు. “స్త్రీ”, “రాష్ట్రం” లాంటి మాట వచ్చిన గడిలో ఒత్తు కింది గీతకి తగులుతుంది. అచ్చులో సిరా కాస్త విరిస్తే ఒత్తూ గీతా ఒకటైపోతాయి. అందుకే కింది ఖాళీ ఎప్పుడూ పైదానికంటే ఎక్కువ ఉంచుతాను. నిలువునా సెంటర్ చేసిన వరసలో ఒక గడిలో తెలుగు, పక్క గడిలో అంకెలు ఉంటే అంకెలు కొంచెం పైకి, లేదా కిందికి ఉన్నట్టు అనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, రెండు ఫాంట్ల ఎత్తులు వేరు. అంకెలకు క్యారెక్టర్ స్టైల్ చేసి బేస్‌లైన్ షిఫ్ట్ (అక్షరాన్ని లైను మీద పైకో కిందికో జరపడం) అర పాయింటో, పావు పాయింటో ఇచ్చి సరిచేస్తాను. ఒక్కో ఫాంటుకి ఒక్కో విలువ, ప్రింట్ తీసి చూస్తే గానీ తెలియదు.

యూనికోడ్ తెలుగు వాడుతుంటే పేరా స్టైల్‌లో అడోబ్ వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకున్నారో లేదో చూడండి. లేకపోతే ఒత్తులు విడిపోయి పొల్లుగా కనిపిస్తాయి. సీఎస్ 6 నుంచి ఈ సదుపాయం ఉంది. మేటర్‌కి స్టైల్ ఇచ్చి, టేబుల్ గడులు మాత్రం బేసిక్ పేరాగ్రాఫ్‌లో వదిలేస్తారు చాలామంది, తీరా టేబుల్‌లో మాత్రమే అక్షరాలు చెదిరి ఉంటాయి. యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడేవారికి ఈ బాధ లేదు గానీ వేరే బాధ: ఎక్సెల్ యూనికోడ్‌లో వస్తుంది, మీరు అను ఫాంట్ వెయ్యగానే గజిబిజి అవుతుంది. ముందు కన్వర్ట్ చేసుకుని తర్వాత టేబుల్‌లోకి తేవాలి.

బేస్‌లైన్ గ్రిడ్ (పేజీలన్నిటిలో లైన్లు ఒకే వరసలో నిలిచేలా వేసే కనిపించని గీతలు) వాడేవారికి ఒక్క మాట. గడిలోని పేరాలు గ్రిడ్‌కి అతుక్కుంటే ఒక వరస ఇరవై, ఒక వరస ముప్పై అన్నట్టు ఎత్తులు ఎగుడుదిగుడుగా వస్తాయి. టేబుల్ పేరా స్టైల్‌కి గ్రిడ్ తీసెయ్యండి, మేటర్‌కి ఉంచండి.

ఎక్సెల్‌ని కాపీ పేస్ట్ చేస్తే ట్యాబులతో వట్టి మేటర్‌గా వస్తోందంటే ప్రిఫరెన్సెస్‌లో క్లిప్‌బోర్డ్ హ్యాండ్లింగ్‌లో టెక్స్ట్ ఓన్లీ ఉంది. నాకైతే అలా రావడమే ఇష్టం. కన్వర్ట్ టెక్స్ట్ టు టేబుల్ కొట్టి నా స్టైల్ వేసుకుంటాను, ఎక్సెల్ రంగులు, వెడల్పులు వెంట రావు. మీ పదిహేను టేబుళ్ళకీ ఒక టేబుల్ స్టైల్ చేసుకోండి, తర్వాత చైర్మన్‌గారు గీతలు సన్నం చెయ్యమంటే ఒక్కచోట మారిస్తే సరిపోతుంది. స్పేస్ బిఫోర్, ఆఫ్టర్ కూడా ఆ స్టైల్‌లోనే ఉంటాయి.

ఇది చదివే మిగతావారికి: వర్డ్‌లో అయితే టేబుల్ ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ర్యాపింగ్‌ని ఎరౌండ్ చేస్తే టేబుల్ విడి వస్తువై ఎక్కడికైనా జరుగుతుంది, పొజిషనింగ్‌లో మూవ్ విత్ టెక్స్ట్ తీస్తే పేజీకి పాతుకుంటుంది. కోరెల్ డ్రాలో ఎక్స్4 నుంచి టేబుల్ టూల్ ఉంది, అక్కడది మామూలు వస్తువే. శుభలేఖలకీ, ధరల పట్టీలకీ చాలు. నివేదిక మాత్రం కోరెల్‌లో చెయ్యకండి.

పదకొండు కాలమ్‌ల టేబుల్

ముందు నిజంగా పదకొండూ కావాలా అని సంఘంవారిని అడగండి. “క్రమ సంఖ్య” ఒకటి, “రిమార్కులు” అని ఖాళీగా ఉండే కాలమ్ ఒకటి తరచూ తీసెయ్యొచ్చు. “రూపాయల్లో” అని ప్రతి గడిలో రాసింది శీర్షికలోకి ఎక్కించి, అంకెలు లక్షల్లోకి మార్చమనండి. ఇలా తొమ్మిదికి దిగితే A4 నిలువు పేజీలో పడుతుంది.

దిగకపోతే రెండు పేజీల మీదుగా పరచాలని చూస్తారు. నేను వద్దంటాను. కుట్టు దగ్గర ఒక కాలమ్ మునిగిపోతుంది, మడతలో అటూ ఇటూ వరసలు మిల్లీమీటర్ తేడా వచ్చినా అంకె పక్క సభ్యుడి ఖాతాలో పడ్డట్టు చదువుతారు. ఫ్రేమ్‌ని 90 డిగ్రీలు తిప్పి అడ్డంగా వెయ్యండి. వేరే ఫ్రేమ్‌లో ఉన్న టేబుల్‌కే ఇది కుదురుతుంది, కాబట్టి ఇది పాతుకున్న రకమే. పని చేస్తున్నంతసేపూ మెడ వంచుకుని చూడక్కర్లేదు, పేజెస్ ప్యానెల్‌లో రొటేట్ స్ప్రెడ్ వ్యూ ఉంది. తెర మీద పేజీ తిరుగుతుంది, అచ్చులో తేడా రాదు.

ఎడమ పేజీ అయినా కుడి పేజీ అయినా టేబుల్ తల ఎడమవైపుకే ఉండాలి. అంటే ఎడమ పేజీలో తల బయటి అంచుకి, కుడి పేజీలో తల కుట్టువైపుకి వస్తుంది. రెండు పేజీల్లోనూ తల కుట్టువైపే ఉంచాలని అద్దంలో బొమ్మలా తిప్పేవాళ్ళున్నారు, అప్పుడు చదివేవాడు పుస్తకాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పాలి. పేజీ నెంబరు, పైనుండే శీర్షిక మాత్రం తిప్పకండి. పీడీఎఫ్ పంపేముందు ఆ రెండు పేజీలూ ప్రింట్ తీసి, వీపులు కలిపి మడిచి, చేత్తో తిప్పి చూసుకోండి.